పళవేర్కాడుకు పోయిన రోజు

పదో తరగతి పరీక్షలు రెండు నెలల్లో పెట్టుకొని టూరు ఏమిటని అమ్మ ఒకటే గొడవ. నాయన మాత్రం, "ఒక్క రోజే కదా, పోయి రానీలే" అన్నాడు. మా ఇల్లు మణవాళనగర్‌లో. సముద్రం మా తిరువళ్ళూరు జిల్లాలోనే ఉన్నా నేను మెరీనాలో తప్ప ఇంకెక్కడా దాన్ని చూడలేదు. పళవేర్కాడు పేరు బస్సు బోర్డుల మీద చదవడమే.

పళవేర్కాడులోనే పుట్టి పెరిగిన ఒక అన్న ఆదివారాలు చిన్న చిన్న గుంపులను తీసుకుపోయి ఊరంతా చూపిస్తాడని మా టీచరమ్మ చెప్పారు. వ్యానులో పన్నెండు మందికే చోటు. తలకు 700 రూపాయలు. పొద్దున ఆరుకు బయలుదేరితే రాత్రి ఎనిమిదికి ఇంటి దగ్గర దించేస్తారు. నాకు, మా క్లాసులో ఇంకో ముగ్గురికి సీట్లు చెప్పుకున్నాం. ఆ రాత్రి అన్నం తింటూ నేను ఈ మాట చెప్తుంటే మా అవ్వ తల ఎత్తి, "పళవేర్కాడుకా? నేనూ వస్తా" అంది.

అందరం అవ్వను చూశాం. ఎందుకంటే మా అవ్వ ఎక్కడికీ రాదు. కృత్తిక రోజు తిరుత్తణి కొండకు పిలిస్తేనే మోకాళ్ళు నొప్పి అంటుంది. ఆమెకు డబ్బు ఎవరు కడతారని అమ్మ అడిగింది. పోయిన సంవత్సరం వ్యాసం పోటీలో నాకు వచ్చిన బహుమతి 500 అమ్మ దగ్గరే దాచి పెట్టి ఉంది. అది ఇచ్చేయమన్నాను. మిగతా 200 అవ్వ కొంగుముడి విప్పి తీసి ఇచ్చింది. ఆ వ్యాసం సంగతి తరువాత చెప్తాను. చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

2025 జనవరి 19, ఆదివారం. పొంగల్ అయిపోయి ఐదు రోజులు కూడా కాలేదు, వ్యానులో అందరి చేతుల్లో చెరుకు ముక్కలు, మురుకులు. పెరియపాళెం దాటాక రోడ్డుకు అటు ఇటూ నీళ్ళు నిండిన పొలాలు. ఇక్కడ పారే ఆరణి ఏరు ఆంధ్రాలో పిచ్చాటూరు వైపు నుంచి వచ్చి, పొన్నేరి మీదుగా పోయి మనం పోయే చెరువులోనే కలుస్తుందని గైడు అన్న చెప్పాడు. ఆయన మాట్లాడేది తమిళం. మధ్యమధ్యలో మాకోసం తెలుగు కలుపుతాడు. అవ్వను "పాట్టీ" అని పిలిచేవాడు, అవ్వ ఆయన్ను "నాయనా" అనేది. పొన్నేరిలో ఇడ్లీ తిన్నాం. తొమ్మిదికల్లా పళవేర్కాడు.

మొదట చూపించింది డచ్చి వాళ్ళ సమాధులు. సముద్రం చూడటానికి వచ్చి సమాధులేంటిరా అని మా వాళ్ళు గొణిగారు. గేటు దగ్గరే రెండు అస్థిపంజరాలను రాతిలో చెక్కి నిలబెట్టారు. ఫోటోలు తీసుకున్నాక గొణగడం ఆగిపోయింది. లోపల పెద్ద పెద్ద నల్ల రాళ్ళ మీద పూలు, తీగలు, అర్థం కాని అక్షరాలు, అన్నీ నిన్న చెక్కినట్టే ఉన్నాయి. డచ్చి వాళ్ళు 1613లో ఇక్కడ గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. 1690లో నాగపట్నానికి మారేదాకా ఈ కోరమాండల్ తీరంలో వాళ్ళ వ్యాపారానికి ఇదే ముఖ్య పట్నం. ఇక్కడి గళ్ళ గుడ్డలకు ఎంత పేరంటే, దూరదేశాల్లో ఆ గుడ్డకే 'పులికాట్' అని పేరు పడిపోయింది. గుడ్డలే కాదు, మనుషులను కూడా బానిసలుగా కొని ఇక్కడి నుంచే ఓడల్లో బటావియాకు పంపారట. ఆ మాట చెప్పేటప్పుడు అన్న గొంతు కొంచెం తగ్గింది. ఆ ఓడలు ఎక్కినవాళ్ళకు ఏ రాళ్ళూ లేవు కదా అనిపించింది నాకు. కోట ఉన్న చోట ఇప్పుడు ముళ్ళపొదలు, గుంటలు. చూడటానికి ఏమీ లేదు, కాబట్టి రాయడానికీ లేదు.

తరువాత వంతెన. దాని మీద నడిచేటప్పుడు చెరువు మొదటిసారి పూర్తిగా కనబడింది. చెరువు అంటే మన ఊరి చెరువు లాంటిది అనుకోవద్దు. భారతదేశంలో ఒడిశాలోని చిలికా తరువాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రాలో, దక్షిణం కొస మాత్రం మన జిల్లాలో. ఇంత పెద్దదైనా చాలాచోట్ల ఒక మీటరు లోతే. నడుం లోతు నీళ్ళలో నిలబడి వల లాగుతున్న మనుషులు, దూరం నుంచి నీటి మీద నాటిన గుంజల్లా ఉన్నారు. ఇంకా దూరంలో తెల్లగా, కొంచెం గులాబీ రంగుగా ఒక గీత. అవి రాజహంసలు. తలను తలకిందులుగా నీళ్ళలో ముంచి తింటాయి. అవి తినే చిన్న రొయ్యల్లో, నాచులో ఉన్న రంగు వల్లే వాటికి ఆ గులాబీ వస్తుంది. అన్న బైనాక్యులర్ వంతులవారీగా ఇచ్చాడు. నా వంతు వచ్చేసరికి సగం ఎగిరిపోయాయి.

ఇక్కడి జాలర్లలో 'పాడు' అని ఒక పద్ధతి ఉంది. తెలుగులో పాడు అంటే వేరే అర్థం కాబట్టి మేం నవ్వాం. చేపలు బాగా పడే చోట్లు అందరికీ చాలవు కాబట్టి చీట్లు వేసి, ఎవరు ఏ రోజు ఏ చోట వల వేయాలో వంతులు పంచుకుంటారు. ఎవరికి మంచి చోటు వచ్చినా ఆ ఒక్క వంతుకే. మరుసటి వంతు ఇంకొకరిది. మా క్లాసులో ఫ్యాను కింద బెంచీకి ఈ పద్ధతి పెట్టాలని మా స్నేహితురాలు అంది.

పడవ ఎక్కుదామని మాకు చాలా ఆశ. అన్న ఒప్పుకోలేదు. 2011లో క్రిస్మస్ రోజు ఇక్కడ పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత టూరిస్టులను పడవ ఎక్కించకూడదని ఆపేశారు. "దొంగతనంగా ఎక్కించేవాళ్ళు ఉన్నారు. నేను ఎక్కించను. నడుద్దాం" అన్నాడు. మేం మొహాలు ముడుచుకున్నాం. అవ్వ మాత్రం, "ఆ పిల్లోడు చెప్పింది నిజమే. నీళ్ళు తక్కువ కదా అని ఎగతాళి చేయగూడదు" అంది. ఈమెకు నీళ్ళ సంగతి ఏం తెలుసు అనుకున్నాను.

అప్పుడే అవ్వ ఒక పని చేసింది. వంతెన దిగి నీటి దగ్గరికి పోయి, వంగి, నాలుగు వేళ్ళు తడిపి నాలుక మీద పెట్టుకుంది. "ఉప్పు తగ్గింది. ఈ ఏడు వానలు బాగానే పడినట్టుండాయి" అంది. గైడు అన్న ఆగిపోయి అవ్వ వైపు చూశాడు. "పాట్టీ, మీది ఏ ఊరు?" అని అడిగాడు. అవ్వ, "తిరువళ్ళూరే నాయనా" అని చెప్పి ముందుకు నడిచింది.

మధ్యాహ్నం మడవై చేప వేపుడుతో అన్నం తిన్నాం. తాటాకుతో పెట్టెలు అల్లే ఆడవాళ్ళ దగ్గర నేను అమ్మకు ఒకటి కొన్నాను. ఎండ తగ్గాక లైట్‌హౌస్ దాటి ఇసుకలో ఉత్తరం వైపు నడిచాం. ఒక పక్క సముద్రం హోరు, ఇంకో పక్క చప్పుడే లేని చెరువు. మధ్యలో ఇసుక, దాని మీద మేం పన్నెండు మందిమి, అన్న. నడిచే కొద్దీ ఇసుక సన్నబడింది. చివరికి ఆగిపోయింది.

అక్కడ చెరువు సముద్రంలో కలుస్తుంది. ఆ చోటును ఎట్లా రాయాలో నాకు తెలియడం లేదు. చెరువు నీళ్ళు బయటికి తోసుకొస్తున్నాయి, అలలు లోపలికి తోస్తున్నాయి. రెండూ కొట్టుకునే చోట నీళ్ళు నిటారుగా లేచి పడుతున్నాయి. మా కాళ్ళ కింది ఇసుకగట్టు కత్తితో కోసినట్టు తెగి ముక్కలు ముక్కలుగా జారిపోతోంది. ఒక పడవ ఇంజను చప్పుడుతో సముద్రం నుంచి వచ్చి, అల వెనకాలే కాసేపు కాచుకొని, ఒక్కసారిగా లోపలికి దూకింది. దాని ముందు భాగం మొత్తం గాల్లోకి లేచింది. మేం అరిచాం. పడవలో ఉన్నాయన మాకు చెయ్యి ఊపాడు.

ఎండాకాలంలో ఇసుక మేట వేసి ఈ దారి మూసుకుపోతుందని, మూసుకుపోతే రొయ్యపిల్లలు లోపలికి రాలేవు, పడవలు బయటికి పోలేవు అని అన్న చెబుతున్నాడు. తమిళంలో 'ముగత్తువారం' అన్నాడు. "మేం మొగ అనేవాళ్ళం" అంది అవ్వ.

నేను అడిగాను, "మేం అంటే ఎవరవ్వా?"

అవ్వ నీళ్ళకు అవతల ఉన్న ఇసుకతిన్నెను చూపించింది. "ఆ తిన్నె పట్టుకొని పోతా ఉంటే, పోతా ఉంటే, మా ఊరు."

"నీది సూళ్ళూరుపేట కదా?"

"అది తరవాత. ముందు కోట."

కోట అంటే శ్రీహరికోట.

నేను ఇప్పుడు వ్యాసం సంగతి చెప్పాలి. 2023 జులై 14న చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి బయలుదేరి, ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. ఆ నెలలోనే మన బడిలో పోటీ పెట్టారు. నాకు మొదటి బహుమతి వచ్చింది, వ్యాసం పోయిన సంచికలో అచ్చు వేశారు. శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారో అందులో బాగానే రాశాను. తూర్పు తీరం కాబట్టి భూమి తిరిగే వైపే రాకెట్టును వదలవచ్చు, దాని వేగం కలిసి వస్తుంది, విడిపోయే భాగాలు సముద్రంలో పడతాయి, భూమధ్యరేఖకు కూడా మరీ దూరం కాదు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు వదిలారు. ఇదంతా సరే. కానీ మొదటి పేరాలో ఇంకో వాక్యం ఉంది. "శ్రీహరికోట ఒకప్పుడు మనుషులే లేని అడవి దీవి" అని. అది ఎక్కడ చదివానో నాకు గుర్తు లేదు. నిజం చెప్పాలంటే ఎక్కడా చదవలేదు, వాక్యం అందంగా ఉందని రాసేశాను.

బడిలో చదవడానికి ముందు ఇంట్లో దాన్ని మూడుసార్లు గట్టిగా చదివాను. అవ్వ గడప దగ్గర కూర్చొని వక్క కొరుకుతూ మూడుసార్లూ విన్నది. "బాగా చదివినావు పాపా" అంది.

మొగ దగ్గర ఇసుకలో కూర్చొని అవ్వ చెప్పింది ఇది. వాళ్ళ నాయన సరుగుడు కట్టెలు కొట్టి పడవలకు ఎక్కించేవాడు. ఆ పడవలు బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా పోయేవి. పట్నంలో పొయ్యిలు మండింది మా కట్టెలతోనే అంటుంది అవ్వ. పక్కన యానాదుల గుడిసెలు ఉండేవట. అడవి తేనె తెచ్చి ఇస్తే వీళ్ళు బియ్యం ఇచ్చేవాళ్ళు. రాకెట్ల కోసం ఆ దీవి కావాలన్నప్పుడు అవ్వకు పది పదకొండేళ్ళు. ఒక్కొక్క ఇల్లూ లేచింది. వీళ్ళ దూడ పడవ ఎక్కనని మొండికేసింది, నలుగురు ఎత్తి పడేశారు. దాన్ని ఎక్కించడానికి పడిన కష్టం మేం ఎక్కడానికి పడలేదు అని అవ్వ నవ్వింది.

"కోపం లేదా అవ్వా?" అని అడిగాను.

"ఎవుర్ని కోప్పడాల? ఎవురో ఒకరు లేయాల గదా. రాకెట్టు పోతే నాకూ సంతోషమే. మా ఇల్లు ఉన్న చోటు నుంచి పోతా ఉండాదని."

"మరి నేను చదివినప్పుడే చెప్పి ఉండచ్చు కదా? మనుషులు లేరని రాసినాను కదా?"

"నువ్వు బహుమతి తెచ్చుకున్నావు. దాంట్లో నాదేంది?"

నాకు మాట రాలేదు. ఆ బహుమతి డబ్బుతోనే అవ్వ ఇక్కడికి వచ్చింది.

ఇక్కడి నుంచి మీ ఊరు కనబడదు పాట్టీ, చాలా దూరం, అని గైడు అన్న మెల్లగా చెప్పాడు. నిజంగానే ఇసుక, దాని వెనక నల్లటి గీతలా చెట్లు, ఆ పైన పొగ లాంటి మంచు, అంతే. "తెలుసు నాయనా" అంది అవ్వ. అయినా అరగంట కూర్చుంది. మిగతావాళ్ళు గవ్వలు ఏరుకున్నారు. ఈ నెలలోనే శ్రీహరికోట నుంచి నూరో రాకెట్టు పోతుందని అన్న చెప్పాడు. ఆ రోజుల్లో జాలర్లను ఫలానా చోటికి పోవద్దని ముందే చెబుతారట.

బడికి వచ్చి తెలుగు సారుకు ఈ సంగతి చెప్తే, స.వెం. రమేష్ గారి 'ప్రళయకావేరి కథలు' తెచ్చి ఇచ్చారు. ప్రళయకావేరి అంటే ఈ చెరువే. ఆ దీవుల మనుషుల కథలు, వాళ్ళు మాట్లాడే తెలుగులోనే. నేను రాత్రి కొన్ని పేజీలు గట్టిగా చదువుతుంటే కొన్ని మాటలకు నాకు అర్థం తెలియదు, అవ్వకు తెలుసు. సైన్సు సారు ఇంకోటి చెప్పారు. ఫ్రెంచ్ గయానాలో కూరూ అనే చోట రాకెట్ కేంద్రం కట్టినప్పుడు కూడా అక్కడి మనుషులు ఇళ్ళు వదిలి పోయారట.

పోయిన సంచిక మీ ఇంట్లో ఉంటే నా వ్యాసం తీసి, మొదటి పేరాలో ఆ వాక్యం పెన్నుతో కొట్టేయండి. దాని బదులు అవ్వ ఊరి పేరు రాద్దామని అడిగాను. వద్దంది. లేని ఊరి పేరు రాస్తే చదివినోళ్ళు యాడ వెతుక్కుంటారు అంది.

జనవరి 29, బుధవారం. పొద్దున 6 గంటల 23 నిమిషాలకు ఆ నూరో రాకెట్టు. ఆరు గంటలకే అవ్వను పట్టుకొని మిద్దె ఎక్కించాను, మెట్టు మెట్టుకూ మోకాళ్ళు అని తిట్టింది. ఈశాన్యం వైపు టెంకాయ చెట్ల పైన చిన్న నిప్పు లేచింది. పక్క మిద్దెల మీద పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను నిప్పుతోపాటు తల పైకి ఎత్తాను. అది కనబడకుండా పోయాక చూస్తే, అవ్వ ఇంకా టెంకాయ చెట్ల దగ్గరే, అది లేచిన చోటే చూస్తా ఉంది.

"అయిపోయింది అవ్వా, దిగుదాం."

"నువ్వు పో. బడికి టైమయితా ఉంది."