సాంతియాగో వంటింట్లో బాదం కేకు

2010లో మేము సాంతియాగో దె కొంపొస్తెలాలో ఉన్నాం. స్పెయిన్‌కు వాయవ్య మూలన ఉన్న గలీసియాకు ఆ ఊరు రాజధాని. మావారికి అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన. 1495లో పుట్టిన విశ్వవిద్యాలయం అది. నాకు పనేమీ లేదు, బయట చూస్తే వాన. గదిలో కూర్చుని కూర్చుని విసుగెత్తి, కింది వాటాలో ఉండే ఇంటావిడ వంటింటికి చేరడం మొదలుపెట్టాను. నాకొచ్చిన స్పానిష్ కూరగాయల బేరానికి సరిపోయేదే గాని కబుర్లకు చాలేది కాదు. ఆవిడకదేం పట్టేది కాదు. చేతులు పని చేస్తుంటే నోరు మాట్లాడుతూనే ఉండేది.

ఆ యేడు అక్కడ పవిత్ర సంవత్సరం. ఏసుక్రీస్తు శిష్యుడు యాకోబును స్పెయిన్ వాళ్లు సాంతియాగో అంటారు. ఆయన సమాధి ఈ ఊరి పెద్ద గుడిలోనే ఉందని నమ్మకం. ఆయన పండుగ జూలై 25. మామూలుగా అది ఆదివారం పడిన యేడు మాత్రమే కింతానా చౌకు వైపున్న పవిత్ర ద్వారం తెరుస్తారు. దాని ముందు వరస చౌకంతా చుట్టుకుని ఉండేది. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి నడుచుకుంటూ వచ్చిన యాత్రికులు, కాళ్లకు పట్టీలు, చేతిలో కర్ర, సంచికి వేలాడే ఆల్చిప్ప. గుడి దగ్గరి ఫ్రాంకో వీధిలోకి తిరిగారంటే కొట్ల గుమ్మాల్లో పళ్లేలు పట్టుకుని ఆడపిల్లలు నిలబడి ఉంటారు. పళ్లెంలో బాదం కేకు ముక్కలు. తార్తా దె సాంతియాగో. రుచి చూసినందుకు డబ్బు అడగరు, రుచి చూశాక ఊరుకోబుద్ధి కాక కొనాలి, అదీ వ్యాపారం.

నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. తీపి, ఎసెన్సు వాసన, కాస్త పొడిపొడి. ఇంటికొచ్చి ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ మొహం చిట్లించింది.

"నువ్వు తిన్నది దారినపోయేవాళ్లకు అమ్మే సరుకు అమ్మాయీ. శనివారం రా, కేకంటే ఏమిటో చూద్దువుగాని."

శనివారం నేను వెళ్లేసరికి బల్లమీద గుడ్డ పరిచి దానిమీద తెల్లటి బాదం పప్పులు ఆరబోసి ఉన్నాయి. ముందురోజే మరిగే నీళ్లలో వేసి పొట్టు తీసేసిందట. మన ఇళ్లలో రాత్రి నానేసి పొద్దున ఒలుస్తాం, అక్కడ రెండు నిమిషాల్లో అయిపోతుంది. కాకపోతే ఆ ఊరి తేమకు పప్పు ఒక పట్టాన ఆరదు. తడి ఉండగా మిల్లులో వేస్తే ముద్దవుతుంది. అందుకే ఒక రాత్రంతా పొయ్యి దగ్గర గుడ్డమీద. పప్పు గుండ్రంగా, బొద్దుగా ఉంది. మర్కోనా రకం, మధ్యధరా తీరం నుంచి వస్తుంది. గలీసియాలో బాదం చెట్లకు సరిపడే ఎండ లేదు. తన చిన్నతనంలో బాదం కొనడమంటే పెద్ద ఖర్చనీ, వాళ్లమ్మ ఈ కేకు పండుగకు తప్ప చేసేది కాదనీ చెప్పింది. ఆ లెక్కన ఇది మొదటినుంచీ ఉన్నవాళ్ల తిండే. 1577లో విశ్వవిద్యాలయానికి ఒక పెద్దమనిషి తనిఖీకి వచ్చినప్పుడు పెట్టిన విందులో ఇలాంటి బాదం కేకు ఉన్నట్టు కాగితాల్లో రాసి ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లకు మంచి తిండి పెట్టడం మన ఒక్కచోటే కాదన్నమాట!

తూకం చూసి నాకు ముచ్చటేసింది. అలమార మీంచి పాత తక్కెడ దింపింది. ఒక పళ్లెంలో ఐదు గుడ్లు, పెంకులతోనే పెట్టింది. రెండో పళ్లెంలో బాదం పోస్తూ, ముల్లు నిలబడగానే ఆపింది. బాదం తీసి పక్కన పెట్టి, అదే గుడ్లకు ఎదురుగా చక్కెర పోసింది. రాళ్లు లేవు, గ్రాములు లేవు. గుడ్లు పెద్దవైతే కేకు పెద్దది, చిన్నవైతే చిన్నది, అంతే.

బల్ల అంచుకు మరతో బిగించిన చిన్న ఇనప మిల్లు. పప్పు వేసి పిడి తిప్పడం నా వంతు. మొదట పడిన పొడిని వేళ్ల మధ్య నలిపి చూసి, ఫరవాలేదన్నట్టు తలాడించింది. బొంబాయి రవ్వంత బరక ఉండాలి. మెత్తగా రుబ్బితే నూనె బయటికొచ్చి కేకు అణిగిపోతుంది. జీడిపప్పు బర్ఫీ కోసం మిక్సీ తిప్పిన ఏ తెలుగు ఇల్లాలికైనా ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మిక్సీయే దిక్కయితే చక్కెరలో కొంత పప్పుతోపాటు వేసి, ఆపి ఆపి తిప్పాలి.

గుడ్లను చక్కెరతో కలిపింది గాని నురగ వచ్చేలా గిలక్కొట్టలేదు. ఎందుకని అడిగాను. తెల్లసొన విడిగా కొడితే కేకు పొంగి, నడుమ పగులుతుందట. పైభాగం చదునుగా లేకపోతే శిలువ ఎక్కడ వేస్తాం అంది. తర్వాత బాదం పొడి, నిమ్మకాయ పై పసుపు తొక్క మాత్రం తురిమి (తెల్లది పడితే చేదు), చిటికెడు దాల్చిన పొడి, ఒక చెంచా ఒరూఖో. ద్రాక్షపిప్పి నుంచి తీసే ఘాటు సారాయి అది, ఆ ప్రాంతంలో లేని ఇల్లుండదు. ఆ సీసా సంగతి మా అత్తగారికి ఫోన్లో చెప్పలేదు. మైదా లేదు, బేకింగ్ పౌడర్ లేదు, పిండిలో వెన్న కూడా లేదు. ఆవిడది పాత గ్యాస్ ఓవెన్, వేడి చెప్పే ముల్లు ఎప్పుడో పనిచేయడం మానేసింది. నేను తర్వాత చేసుకున్నప్పుడు 180 డిగ్రీల దగ్గర ఇంచుమించు 40 నిమిషాలు పట్టింది. ఆవిడ మాత్రం వాసన బట్టి లేచి, స్వెటర్లు అల్లే సూది గుచ్చి చూసేది.

పూర్తిగా చల్లారేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వేడిమీద చక్కెర పొడి చల్లితే కరిగిపోతుంది. సొరుగులోంచి అట్టతో కత్తిరించిన శిలువ తీసింది. కిందికొచ్చేసరికి కత్తిలా సన్నబడే సాంతియాగో వీరుల శిలువ. పోయిన భర్త కత్తిరించి ఇచ్చినదట. అంచులు మెత్తబడిపోయాయి, నడుమ గుండుసూది గుచ్చి ఉంది, పట్టుకుని పైకి తీయడానికి. అట్ట పెట్టి, జల్లెడతో పొడి చల్లి, సూది పట్టుకుని నిటారుగా లేపింది. గోధుమరంగు శిలువ తేటగా మిగిలింది. ఈ శిలువ అనాదిగా ఉందనుకుంటారు చూసినవాళ్లు. 1924లో ఆ ఊళ్లోని కాసా మోరా మిఠాయి కొట్టువాళ్లు మొదలుపెట్టినది, అందరూ అందుకున్నారు.

ఆ యేడే ఐరోపా సమాఖ్య ఈ కేకుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. మన తిరుపతి లడ్డూకు అలాంటిది అంతకు ముందు యేడు, 2009లోనే వచ్చింది. నియమాల్లో బాదం కనీసం 33 శాతం, చక్కెర 33 శాతం, గుడ్లు 25 శాతం ఉండాలన్నారు. మావారు ఆ లెక్క చదివి వినిపిస్తే నాకు తక్కెడ గుర్తొచ్చింది. మూడూ సమానంగా తూస్తే ఒక్కోటి ఇంచుమించు మూడో వంతు. అధికారులు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఇళ్లలో ఉన్నదే రాసుకున్నారు. ఆవిడకు చెబితే, "దీనికి కాగితం కూడానా?" అని నవ్వింది.

జూలై 24 రాత్రి ఒబ్రదోయిరో చౌకులో బాణసంచా. పదమూడు రోజుల కిందటే స్పెయిన్ ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు గెలిచింది, ఆ హుషారు ఇంకా దిగలేదు. చౌకు నిండిపోయి మేము వెనక సందులోనే ఆగిపోయాం. తిరిగొచ్చాక ఇంటావిడ వంటింట్లో ఇరుగుపొరుగంతా నిలబడే కేకు తిన్నారు. సన్నటి ముక్కలు, పక్కన చిన్న గ్లాసుల్లో తియ్యటి వైను. నాకు కాఫీ ఇచ్చింది. ఆ కేకుకు కాఫీయే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇప్పటినుంచి చూస్తే జూలై 25 మళ్లీ ఆదివారం వచ్చేది 2027లో. వెళ్లేవాళ్లు గుమ్మంలో ఇచ్చిన ముక్కతోనే తీర్పు చెప్పేయకుండా, పెట్టెమీద భౌగోళిక గుర్తింపు ముద్ర చూసి కొనండి. ఇంట్లో చేసుకునేవాళ్లు మైదా ఒక్క చెంచా కూడా వేయకండి. గిన్నెకు వెన్న రాసి పైన చల్లేందుకు కూడా బాదం పొడే చాలు.