ఆటది కాదు తప్పు, గాలిది

కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతే మన ఇళ్ళల్లో మొదటి తిట్టు ఆటకే పడుతుంది. "స్కాలర్‌షిప్ పైసలు పెట్టి కొన్నది ఆటలు ఆడనీకేనా?" అని ఇంట్లో అంటారు, రూమ్మేట్ అంటాడు, చివరికి రిపేరు షాపులో కూర్చున్నాయన కూడా అంటాడు. ఆ ఒక్క మాటకు పిల్లవాడు తల దించుకుంటాడు. ఆ తర్వాత షాపాయన ఎంత చెప్తే అంత. అందుకే ఈ వారం దీని గురించి రాస్తున్నా.

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి ఉంది. క్లాసులూ కోడింగూ ప్రాజెక్టూ దాంట్లోనే, రాత్రి పూట వాలొరెంట్ ఆటా దాంట్లోనే. ఎండాకాలం సెలవులకు దాన్ని బస్సు డిక్కీలో వేసుకుని గోదావరిఖని తెచ్చాడు. అప్పటి నుంచి ఆట మొదలైన పది నిమిషాలకు బొమ్మ ముక్కలు ముక్కలుగా కదలడం, ఫ్యాన్ రొద, ఒక్కోసారి టప్పున ఆగిపోవడం. షాపులో చూపిస్తే "ప్రాసెసర్ పోయింది, బోర్డు కూడా డౌటే, 8 వేలైతది" అన్నారట. అక్క కుట్టుమిషన్ మీద 8 వేలంటే ఎన్ని జాకెట్లో మీరే లెక్కేసుకోండి.

"మామా, ఇగ ఆడను. చదువుకైనా పనిచేస్తే చాలు" అన్నాడు వాడు. ఆ మాటే నాకు ముల్లులా గుచ్చుకుంది.

కొంచెం ఆలోచిద్దాం. నిజంగా పోయిన ప్రాసెసర్ పది నిమిషాలు బాగా నడిచి, ఆగి, చల్లారాక మళ్ళీ బాగా నడుస్తుందా? అది చెడిపోయిన లక్షణం కాదు, తనను తాను కాపాడుకుంటున్న లక్షణం. ప్రతి ప్రాసెసర్‌కూ ఒక గరిష్ఠ ఉష్ణోగ్రత ఉంటుంది. ఇంటెల్‌లో చాలావాటికి 100 డిగ్రీలు, ఎఎండి రైజెన్‌లో చాలావాటికి 90 లేదా 95. అక్కడికి చేరగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. బొమ్మ ముక్కలు కావడం అందుకే. తగ్గించుకున్నా వేడి ఆగకపోతే మొత్తం ఆపేసుకుంటుంది.

హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూశాం. ఖాళీగా ఉన్నప్పుడే 62 డిగ్రీలు. ఆటలో 100. 4 గిగాహెర్ట్జ్ మీద నడవాల్సింది 2 కిందికి పడిపోతోంది.

పక్క పలక విప్పి పెడితే బాపు వచ్చి కూర్చున్నాడు. సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా దిగి రిటైరైన మనిషి. కంప్యూటర్ ముట్టింది లేదు. ఒక్కటే అడిగాడు: "గాలి ఎటు నుంచి వస్తున్నది? ఎటు పోతున్నది?"

గనిలో మనిషి బతికేది ఆ ప్రశ్న మీదే. గాలి ఒక దారిన దిగాలి, పనిచేసే చోటును తాకాలి, ఇంకో దారిన బయటికి పోవాలి. ఇన్‌టేక్, రిటర్న్. "నడుమ గోడకు సందు వడ్డదనుకో, గాలి అడ్డదారి వడతది. పనోని కాడికి రాదు. ఫ్యాన్ ఎంత తిరిగితే ఏం లాభం?" అన్నాడు. కేబినెట్ కూడా అంతే. ముందు నుంచి చల్లగాలి, వెనక నుంచి వేడిగాలి. మనవాడు దాన్ని అల్మారా అరలో గోడకు ఆనించి పెట్టాడు. వెనక నుంచి పోయిన వేడే తిరిగి లోపలికి వస్తోంది. ముందు జాలీకి దుమ్ము దుప్పటిలా పట్టింది.

ఇంకా లోపలికి చూస్తే అసలు సంగతి బయటపడింది. ప్రాసెసర్ మీది కూలర్‌ను నాలుగు ప్లాస్టిక్ పిన్నులు పట్టి ఉంచుతాయి. బస్సు కుదుపులకు ఒకటి ఊడి పైకి లేచింది. కూలర్ ఒక పక్కకు ఒరిగింది. రెండు లోహాల నడుమ పూసిన పేస్టు ఎండి పెళుసైంది.

ఆ పేస్టు ఎందుకంటే, ఎంత నున్నగా కనిపించినా లోహం మీద కంటికి ఆనని గుంటలు ఉంటాయి. వాటిలో గాలి నిలుస్తుంది. రాగితో పోలిస్తే గాలి వేడిని మోసే శక్తి వేల రెట్లు తక్కువ. పేస్టు ఆ గుంటలను నింపుతుంది. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. కొత్తది నడుమ కందిగింజంత పెట్టాం. పిన్నులు ఎదురెదురు మూలలవి జతగా నొక్కాం. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకున్నాం. ఖర్చు 400 రూపాయలు లోపే.

ఆటలో ఇప్పుడు 84. బల్ల మీద పెట్టి వెనక జానెడు ఖాళీ వదిలాం.

84 కూడా ఎక్కువేగా అనొచ్చు. ఇక్కడ ఒక లెక్క ఉంది. ఫ్యాన్ కూలర్ ఏదైనా గది వేడి కంటే కిందికి దించలేదు. ఏసీ గదిలో 25 డిగ్రీల్లో పరీక్షించి "70 దాటదు" అని వీడియోలో చెప్తారు. మే నెలలో మా రేకుల ఇంట్లో 40. ఆ 15 డిగ్రీలు దాదాపు అలాగే ప్రాసెసర్ మీద పడతాయి. అంటే ఒకే ఆట, ఒకే మిషన్, ఇంటి పైకప్పును బట్టి వేరుగా నడుస్తుంది. దాన్ని పిల్లవాడి తప్పుగా లెక్కగట్టొద్దు.

పైకప్పు మార్చలేం గానీ పని తగ్గించొచ్చు. వాడి మానిటర్ 60 హెర్ట్జ్‌ది, సెకనుకు 60 బొమ్మలే చూపగలదు. ఆట మాత్రం 200 తయారుచేస్తోంది. మిగతా 140 ఎవరికీ కనిపించని చాకిరీ. సెట్టింగ్స్‌లో 60కి కట్టేస్తే వేడి 72కి దిగింది. ఇంకా తగ్గాలంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి దించితే చాలా మిషన్లలో టర్బో ఆగిపోతుంది. వేగంతో పాటు వోల్టేజీ కూడా తగ్గుతుంది. కరెంటు ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కొంచెం వేగం వదులుకుంటే చాలా వేడి తగ్గుతుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, షాపుకు పోతే "ఎన్ని డిగ్రీలకు పోతోంది, చూపించండి" అని అడగండి. చూపించకుండా పార్టు మార్చాలంటే మిషన్ వెనక్కి తెచ్చుకోండి. ఆడుకున్నందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వకండి. చదివే పిల్లలకు ఆట కూడా కావాలి, మన పిల్లలకూ కావాలి.

మీ హాస్టల్ గదుల్లో ఇలాంటి మిషన్లు ఉంటే గది వేడి, ప్రాసెసర్ వేడి రెండూ కింద రాయండి. తెలిసినంత వరకు చెప్తా. నాకు తెలియనిది ఇంకొకరు చెప్తారు.