శామీర్‌పేట దారిలో దాగుడుమూతలు

అల్వాల్ నుంచి శామీర్‌పేట చెరువుకు రాజీవ్ రహదారి మీద సుమారు 15 కిలోమీటర్లు. వేసవి సెలవులకు వచ్చిన చెల్లెలి పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. అక్కడి జింకల పార్కు చూపిస్తానని మాటిచ్చాను. తీరా చూస్తే మా ఇంటి గేటు దాటకముందే ఓ వింత ఎదురైంది.

పెరట్లో కరివేపాకు రెమ్మ మీద పిట్ట రెట్ట. చిన్నోడు "ఛీ" అని ముక్కు మూసుకున్నాడు. "పుల్లతో మెల్లగా తాకి చూడు" అన్నాను. రెట్ట కదిలింది! తల వెనక నుంచి చీలిన నాలుకలాంటి నారింజ రంగు కొమ్ము బయటికి పొడుచుకొచ్చి గుప్పున వాసన కొట్టింది. అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు. ఈ సీతాకోకచిలుక నిమ్మ, కరివేపాకు వంటి చెట్ల మీద గుడ్లు పెడుతుంది. చిన్నతనంలో దాని పురుగు నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చలతో అచ్చం రెట్టలాగే ఉంటుంది. రెట్టను ఏ పిట్టా ముట్టదు కదా! బాగా ఎదిగాక ఈ వేషం మానేసి, ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది.

"అంటే ఈ వేషం మన కోసం కాదు, పిట్ట కోసమన్నమాట" అంది పెద్దది. ఆ మాట నాకు భలే నచ్చింది. ఇక దారంతా అదే ఆట: ఏ జీవి కనబడినా, అది ఎవరి కంట పడకూడదనుకుంటోందో చెప్పాలి.

హకీంపేట దాటాక కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. మన రాష్ట్ర పక్షి. కూర్చున్నంతసేపూ మట్టిరంగు రొమ్మే మన వైపు. నేల మీది మిడతను చూసి కిందికి దూకేసరికి రెక్కల్లోని నీలం ధగధగలాడింది. "ముందు మిడత కంట పడకూడదు, పైనుంచి డేగ కంటా పడకూడదు" అని పిల్లలే తేల్చేశారు.

"మరి ఊసరవెల్లి? ఎక్కడ కూర్చుంటే ఆ రంగుకు మారిపోతుందట కదా!" అన్నాడు చిన్నోడు. అందరూ అనుకునేదే గానీ, అది రంగు మార్చేది ఎక్కువగా కోపానికి, భయానికి, ఎండకు, తోటి ఊసరవెల్లికి సంగతి చెప్పడానికి. దాని చర్మంలో సన్నటి స్ఫటికాలున్నాయని, వాటి మధ్య దూరం మారితే రంగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు వివరించారు. ఇక దాక్కోవడమంటారా, మామూలుగా ఉండే ఆకుపచ్చ రంగు, గాలికి ఊగే ఆకులా తూగుతూ వేసే నడక, ఆ రెండూ చాలు దానికి.

చెరువు గట్టు దిగుతుంటే చేపలు పట్టే తాత కేకేశాడు: "గటు పోకుండ్రి బిడ్డా, ఆడ తీతువు గుడ్లున్నయి." పైన తీతువు పిట్ట ఒకటే అరుపు. ఎంత వెతికినా మాకు రాళ్లే కనిపించాయి. చివరికి తాతే కర్రతో దూరం నుంచి చూపించాడు. నాలుగు గుడ్లు, మట్టిరంగు మీద నల్ల మరకలు, చుట్టూ గులకరాళ్లు. తీతువు చెట్టు మీద గూడు కట్టదు, ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. కాకి, ముంగిస కళ్లు కప్పాలంటే గుడ్డు రాయిలా ఉండాల్సిందే. మేం వెనక్కి తగ్గాకే దాని గోల తగ్గింది.

తాత బుట్టలో రవ్వ చేప ఉంది. వీపు నలుపు, పొట్ట వెండిలా తెలుపు. పైనుంచి చూసే కొంగకు చీకటి నీళ్లలో వీపు ఆనదు. కింది నుంచి చూసే పెద్ద చేపకు వెలుతురులో పొట్ట ఆనదు.

పార్కులో చుక్కల దుప్పులు చెట్ల నీడన పడుకున్నాయి. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే ఎండ చుక్కలేవో, వాటి ఒంటి చుక్కలేవో తెలియలేదు. చిన్నోడు వేసుకున్నది నారింజ చొక్కా. అయినా ఒక్కటీ బెదరలేదు. వాడు ఆనందం పట్టలేక ఎగిరి గంతేశాడో లేదో, మంద మొత్తం తలెత్తింది.

రంగులు గుర్తించే కణాలు మన కంట్లో 3 రకాలు. దుప్పి కంట్లో 2 రకాలే. నారింజ రంగు దానికి ఇంచుమించు గడ్డిరంగులాగే తోస్తుంది. అందుకే పులి ఆకుపచ్చగా పుట్టనక్కర్లేదు. చారలు గడ్డి నీడల్లో కలిసిపోతాయి, కదలకుండా పొంచి ఉంటే చాలు.

"అయితే పులి నారింజ రంగులో ఉందని ఎవరికి తెలుసు పెద్దమ్మా?"

"మనకు. చెట్టు మీది కొండముచ్చుకు. దాని కంట్లోనూ 3 రకాలే."

పెద్దది కాసేపు ఆలోచించి అంది: "అందుకేనేమో, అడవిలో కొండముచ్చు కూత పెడితే దుప్పులు చెవులు రిక్కిస్తాయి!"