చెప్పిన లోపం

మోకాళ్ళ నొప్పులతో మా తల్లిగారికి ఆటో ఎక్కి దిగడం భారమైంది. ఇంటిల్లిపాదికీ సరిపోయే పాత సెడాన్ కారు కొనాలని నిశ్చయించుకున్నాము. వడ్డీ అప్పు వద్దనుకున్నాము కనుక కూడబెట్టిన సొమ్మే మా పరిమితి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తింది. అందుకే అక్కడ చూసిన తొలి కారులో సీటు బెల్టును చివరిదాకా లాగి చూశాము. లోపలి భాగంలో ఎండిన బురద చార! ‘నీరు తాకనేలేద’న్న యజమానికి సెలవు చెప్పి వచ్చేశాము.

రెండవది హోండా సిటీ. ఎడమ తలుపు ప్రమాదంలో దెబ్బతింటే మార్పించానని యజమాని మేము అడగకముందే చెప్పి, ఆ మేరకు ధర తగ్గించాడు. బ్యాంకు అప్పు తీరిన పత్రాన్నీ, సంతకం చేసిన 29, 30 ఫారాలనూ ముందుంచాడు.

“అబ్బాజాన్, ఆ తలుపు చూపి ఇంకో పదివేలు తగ్గించమందామా?” అన్నాడు మా అబ్బాయి.

“నిజం చెప్పినందుకు జరిమానా వేద్దామా, బేటా?” అన్నాము.

దాచిన లోపం బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉంటుందని ‘ఖియారె ఐబ్’ పాఠంలో బోధిస్తుంటాము. లోపం చెప్పడం అమ్మేవారి బాధ్యత. చెప్పిన నిజాన్ని వారిపైకే ఆయుధంగా తిప్పకపోవడం కొనేవారి బాధ్యత.