చిక్కినవాని చూచి నవ్వకుడి



గద్వాల పోయినను, వనపర్తి పోయినను, మా నాగర్‌కర్నూలులోనైనను, ఒళ్ళు సన్నగిల్లినవానికి పేర్లు పెట్టుటలో మనకు కొదువ లేదు. బక్కోడు, పుల్ల, ఎండుకట్టె, బొక్కలగూడు అని నవ్వుచు పిలుతుము. ఆ నవ్వులో నేనును పాలుపొందితిని గనుక ఇది వ్రాయుచున్నాను.

మా వాడలోని ఒక యౌవనస్థుడు కూలికై పూనా పోయి, క్రిస్మసుకు తిరిగి వచ్చెను. చొక్కా కొయ్యకు తగిలించినట్లు వ్రేలాడుచుండెను. "ఏంది తమ్మీ, గాలికి కొట్టుకపోతవేమో!" అంటిని. మందిరము ముందర అందరును నవ్విరి. అతడును నవ్వబోయెను గాని, దగ్గు అడ్డము వచ్చెను.

సాయంకాలమున అతని తల్లి మా ఇంటికి వచ్చి, "పిల్లగాడు చిక్కిండన్నా" అని మెల్లగా చెప్పెను. ఆ ఒక్క మాట నన్ను గద్దించెను. బక్కోడనగా ఆకారము మాత్రమే. చిక్కెననగా, నిన్న ఉన్న కండ నేడు లేదు, దానికొక కారణము గలదు అని అర్థము.

మరునాడు ఆసుపత్రికి తీసికొనిపోతిమి. డాక్టరుగారు చీటిమీద 'ఎమేసియేటెడ్' అని వ్రాసిరి. ఇంగ్లీషులో 'స్లిమ్' అనుట మెచ్చుకోలనియు, ఆకలిచేతనో రోగముచేతనో కృశించినవానికే ఈ మాట వాడుదురనియు చెప్పిరి. తెమడ పరీక్షలో క్షయ బయటపడెను. క్షయమనగా తరిగిపోవుట. ఇంగ్లీషువారును పూర్వము ఆ రోగమును 'కన్సంప్షన్' అనిరి. అదియు ఒంటిని హరించునదనియే. 1832–33లో గుంటూరు సీమను పాడుచేసిన కరువునకు జనులు డొక్కల కరువని పేరు పెట్టిరి. అట్టి మాటలు నవ్వుటకు పుట్టినవి కావు.

ఆ చిన్నవాడు ఆరు నెలలు మానక మందు మ్రింగి, మరల కండపట్టెను. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ పరీక్షయు మందులును ఉచితము. రోగి ఆహారమునకై 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండిరి. 2024 నవంబరులో దానిని 1,000 చేసిరి.

కాబట్టి రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, కారణము తెలియక చిక్కుట కనబడినయెడల పరిహాసము మాని వెంట నడువుడి. అయిదేండ్లలోపు పసివాని దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినయెడల అంగన్‌వాడీలో చూపి, ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపొండి.

ఫరో కలలోని చిక్కిన ఆవులను యోసేపు పరిహసింపలేదు. వాటి భావము చెప్పి, ధాన్యము కూర్చెను. మనమును అట్లే చేయుదము.