మారరాని శబ్దం, మారవలసిన శబ్దం



ఉపనిషద్విచారం, స్తోత్రవ్యాఖ్యానం, అర్చనావిధానం చదవడానికి వచ్చే మీకు ఈనాటి విషయం వింతగా తోచవచ్చు. నార్వే దేశపు రాజధాని ఓస్లోలో 1993లో ఆవిర్భవించిన ‘ఉల్వర్’ అనే సంగీతబృందం గురించి, దాని శబ్దం కాలక్రమాన మారిన తీరు గురించి వ్రాయబోతున్నాను. ఆ దేశభాషలో ఆ పదానికి ‘తోడేళ్ళు’ అని అర్థం. ఏబదియేండ్లు దాటిన ఒక శివాలయార్చకునికి తోడేళ్ళతో పని ఏమిటని మీరు అడుగుతారు. మా ఇంట కూడా ఆ ప్రశ్నే పుట్టింది. దానికి సమాధానం దొరకడానికి ఏడు సంవత్సరాలు పట్టింది.

నేను ఎనిమిదవ యేట కోనసీమలో గురుముఖతః తైత్తిరీయశాఖాధ్యయనం ప్రారంభించాను. సంహిత, పదం, క్రమం, జట, ఘనం అనే సోపానాలు ఎక్కడానికి నా బాల్యయౌవనాలు వ్యయమయ్యాయి. ఘనపాఠంలో పదాలను ముందుకూ వెనుకకూ త్రిప్పి మరల మరల కూర్చి పలుకుతాము. ఒక్క అక్షరం జారినా, ఒక్క ఉదాత్తం తప్పినా ఆ కూర్పులోనే అది బయటపడుతుంది. లిఖితసాధనం లేకుండా వేలయేండ్లు శబ్దాన్ని చెక్కుచెదరకుండా నిలిపిన ఉపాయమిది.

స్వరలోపం వలన కలిగే అనర్థానికి మా గురువుగారు త్వష్ట కథను ఉదాహరించేవారు. ఇంద్రుని చంపగల పుత్రుడు కావాలని త్వష్ట హోమం చేశాడు. ‘ఇంద్రశత్రు’ అనే సమాసంలో స్వరం అంత్యాన పడితే ‘ఇంద్రునికి శత్రువు’ అని తత్పురుషార్థం వచ్చేది. స్వరం ఆదిన పడింది. ‘ఇంద్రుడే శత్రువుగా గలవాడు’ అని బహువ్రీహ్యర్థం సిద్ధించింది. వృత్రుడు పుట్టి ఇంద్రుని చేతనే హతుడయ్యాడు. తండ్రి పలుకులోని ఒక్క స్వరం కుమారుని ప్రాణం తీసింది. చిన్ననాడు ఈ కథను నేను వ్యాకరణోదాహరణగా మాత్రమే విన్నాను.

1996లో నాచారానికి వచ్చి శివాలయార్చకత్వం స్వీకరించాను. పారిశ్రామికవాడ యంత్రఘోష మధ్య ప్రాతఃకాలాన రుద్రాభిషేకం చేయడం అలవాటైపోయింది. మా ఏకైకపుత్రునికి ఉపనయనం చేసి నేనే పాఠం చెప్పాను. వాని కంఠం శుద్ధమైనది, ధారణ గొప్పది. నమకచమకాలు, సూక్తాలు, సంహితలో కొంతభాగం కంఠస్థమయ్యాయి. పదునాలుగవ యేట “ఇక చాలు నాన్నగారూ, నేను బడికి వెళ్ళి చదువుకుంటాను” అన్నాడు. వారించలేదు. అయితే అంగీకరించనూ లేదు. ఆ రోజు నుండి వాణ్ణి చూచినప్పుడల్లా సగంలో ఆగిపోయిన పనసను చూచినట్లే చూచాను.

2013లో ఒకనాటి రాత్రి వాని గదిలోనుండి ఒక భీకరశబ్దం వినవచ్చింది. మానవకంఠమా, మృగకంఠమా తెలియని అరుపు. దాని వెనుక తేనెటీగల గుంపు వలె ఎడతెగని తంత్రీఘోష. తలుపు తోసి, “ఇది శ్మశానఘోష. నిత్యాగ్ని వెలిగే ఇంట ఇది వినబడరాదు” అన్నాను. వాడు మారుపలుకు పలుకలేదు. యంత్రాన్ని ఆపివేశాడు. మరునాటి నుండి వాని చెవులలో ఇయర్‌ఫోన్లు ఉండేవి. నేను వలదన్న శబ్దం ఇంట వినబడలేదు. వాని మాట కూడా వినబడలేదు. తరువాత ఉద్యోగం వచ్చి ఉప్పల్‌లో మిత్రులతో కలిసి గది తీసుకున్నాడు. ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య ఐదు కిలోమీటర్లు కూడా లేవు. పండుగలకు వచ్చేవాడు, తల్లితో మాట్లాడేవాడు, నాకు నమస్కరించి వెళ్ళేవాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. వాడు సంచి భుజాన వేసుకుని ఇల్లు చేరాడు. ఆలయద్వారాలు భక్తులకు మూయబడ్డాయి. నేనొక్కణ్ణే ఏకాంతసేవ జరిపేవాణ్ణి. కర్మాగారాలు ఆగాయి, మెట్రో ఆగింది. ఇరవైనాలుగేండ్లలో మొదటిసారి నాచారంలో నా అభిషేకజలధార శబ్దం నాకే స్పష్టంగా వినిపించింది. ఆ నిశ్శబ్దంలో మా ఇంటిలోని నిశ్శబ్దం కూడా వినిపించింది. ఒకనాటి సాయంపూజ ముగించి వచ్చి, “ఆనాడు నీవు వింటున్నదేమిటి? నాకూ వినిపించు” అన్నాను.

వాడు చాలాసేపు నా ముఖం చూచాడు. తరువాత నాకు నచ్చే మార్గం వెదకినట్లున్నాడు. సింగపూర్‌లో 1992లో ఏర్పడిన ‘రుద్ర’ అనే బృందం ఉన్నదనీ, ఇట్టి ఘోరసంగీతంలోనే వేదాంతాన్ని ప్రతిపాదిస్తుందనీ, ‘బ్రహ్మవిద్య’ పేర మూడు ఆల్బములు వెలువరించిందనీ చెప్పాడు. “అది నాకు దగ్గరది. నీకు ప్రియమైనది ఏదో అది పెట్టు” అన్నాను. అప్పుడు ‘ఉల్వర్’ పేరు చెప్పాడు.

వినిపించే ముందు ఒక విషయం దాచకుండా చెప్పాడు. ఈ సంగీతశాఖను ‘బ్లాక్ మెటల్’ అంటారు. 1990 తరువాత నార్వేలో అది ప్రబలినప్పుడు, ఆ వర్గానికి చెందిన కొందరు యువకులు ప్రాచీనమైన దారుమయ ప్రార్థనామందిరాలకు నిప్పుపెట్టారు. 1992 జూన్ 6న బెర్గెన్ సమీపంలోని ఫాన్‌టాఫ్ట్ చర్చి దగ్ధమైంది. “ఉల్వర్ వారు ఆ పని చేసినవారు కారు. కాని పుట్టినది ఆ కాలంలోనే, ఆ శాఖలోనే” అన్నాడు. దేవాలయంలో దీపం పెట్టే చేతులు నావి. ఏ దేవుని మందిరమైనా కాలడం నాకు సహ్యం కాదు. లేచిపోదామనిపించింది. వాడు దాచకుండా చెప్పాడు గనుక కూర్చున్నాను.

ఎనిమిది ఆల్బములను వెలువడిన సంవత్సరాల వరుసలో ఎంచాడు. వేదవికృతులు కూడా ఎనిమిదే అని మనసులో అనుకున్నాను. సాయంపూజానంతరం రోజుకొకటి విన్నాను.

మొదటిది 1995 నాటి ‘బెర్గ్‌టాట్’. పర్వతగర్భంలోని అదృశ్యశక్తులు ఒక కన్యను తమలోకి లాగుకొనే జానపదగాథ, ఐదు అధ్యాయాలు. సామూహికగానం వలె మృదువైన కంఠాలు వినబడతాయి. అంతలోనే ఆనాటి అరుపు వస్తుంది. మధ్యలో అడవిలో ఎవరో నడిచే అడుగుల సవ్వడి. “దీనిని అట్మాస్ఫియరిక్ అంటారు నాన్నగారూ. పాటకంటే పరిసరం ముఖ్యం” అన్నాడు. నాకు ఆశ్చర్యం కలిగించినది తంత్రీవాదనం. ఒకే స్వరాన్ని అత్యంతవేగంగా మీటుతూ పోతారు. ఆ వేగం ఒక మేర దాటగానే మీటులు వేరువేరుగా వినబడవు, తంబురా శ్రుతి వలె అఖండధార అవుతుంది. గౌడపాదాచార్యులవారు మాండూక్యకారికలలో చెప్పిన అలాతదృష్టాంతం స్ఫురించింది. కొరవిని వేగంగా త్రిప్పితే నిశ్చలమైన అగ్నిచక్రం కనబడుతుంది. అది కంటికి చెప్పిన దృష్టాంతం. చెవికి కూడా వర్తిస్తుందని ఆ సాయంత్రం తెలిసింది.

రెండవది 1996 నాటి ‘క్వెల్డ్‌సాంగర్’. ఇందులో అరుపు లేదు, విద్యుత్‌గిటార్ లేదు. గిటార్, చెల్లో, మంద్రకంఠాలు ప్రధానం. మా గృహిణి కూడా వంటింటిలోనుండి వచ్చి ద్వారం వద్ద నిలిచి వింది.

మూడవది 1997 నాటి ‘నాట్టెన్స్ మాడ్రిగల్’. మనుష్యునిలోని తోడేలును ఉద్దేశించిన ఎనిమిది స్తుతులు. పరుషమైన, గీసుకుపోయే ధ్వని. సగంలో ఇయర్‌ఫోన్లు తీసివేసి వీథిలోకి వెళ్ళాను. 2013లో నేను విన్నది ఇదేనని గుర్తుపట్టాను. ఆ రాత్రి నిద్ర రాలేదు. రుద్రునికి ఘోరతనువు ఒకటి, శివతనువు ఒకటి ఉన్నాయని శ్రుతి చెబుతున్నది. నమకం ప్రారంభంలో మనం మొదట మ్రొక్కేది స్వామి అనుగ్రహానికి కాదు, మన్యువుకు, అనగా ఆయన కోపానికి. ప్రతిప్రాతఃకాలం కోపానికి నమస్కరించి దినం ప్రారంభించే నేను, నా కుమారుని గదిలో కోపం వినబడగానే తలుపు తోశాను. పదునాలుగవ యేట పాఠం విడిచినప్పుడు తండ్రి మౌనం వానిని ఎంత బాధించిందో వాడు ఎన్నడూ చెప్పలేదు. ఆ అరుపు వాని బదులు చెప్పి ఉంటుంది. మరునాడు మిగిలిన సగం విన్నాను.

నాల్గవది 1998 నాటిది. ఆంగ్లకవి విలియమ్ బ్లేక్ రచించిన స్వర్గనరకాల వివాహమనే గ్రంథమంతటినీ సంగీతబద్ధం చేశారు. ఇక్కడి నుండి విద్యుద్యంత్రధ్వనులు ప్రవేశించాయి. ఐదవది 2000 నాటి ‘పెర్డిషన్ సిటీ’. అడవి మాయమై అర్ధరాత్రి నగరం వచ్చింది. తడిసిన వీథులు, ఎవరూ లేని కూడళ్ళు తోచాయి. రాత్రిషిఫ్టు ముగిసిన నాచారం రోడ్డు నా కళ్ళముందు నిలిచింది.

ఆరవది 2007 నాటి ‘షాడోస్ ఆఫ్ ది సన్’. దీనిని గురించి ఎక్కువ చెప్పలేను. గాయకుడు క్రిస్టొఫర్ రిగ్ కంఠం దాదాపు గుసగుస స్థాయికి దిగింది. పన్నెండేండ్లనాడు అరచిన కంఠమే అది. విని ముగించాక ఇద్దరమూ మాట్లాడలేదు. అయితే ఆ మౌనం వెనుకటి మౌనం కాదు.

ఏడవది 2013 నాటి ‘మెస్సే’. ట్రోమ్సో నగరపు ఛాంబర్ ఆర్కెస్ట్రాతో కలిసి చేసినది. ఆ పదానికి క్రైస్తవుల ఆరాధనాక్రమమని అర్థం. మందిరాలకు నిప్పు పెట్టిన కాలంలో పుట్టిన శాఖనుండి వెలువడిన బృందం, ఇరవయ్యేండ్ల తరువాత తన కృతికి ఆరాధన అని పేరు పెట్టింది. వారి అంతరంగం నాకు తెలియదు, భక్తులయ్యారని నేను చెప్పను. పేరు విని మాత్రం చేతులు జోడించాను. ఎనిమిదవది 2017 నాటిది, నృత్యానుకూలమైన లయ గలది. నాకు రుచించలేదని చెబితే వాడు నవ్వాడు. ఏడేండ్ల తరువాత నా యెదుట నవ్విన నవ్వు.

“ఇంతగా మారితే మొదటిదాన్ని ప్రేమించినవారు ఊరుకున్నారా?” అని అడిగాను.

“చాలామంది కోపగించారు నాన్నగారూ. మోసం చేశారన్నారు. 1999లో వీరే ప్రకటించారు, తాము బ్లాక్ మెటల్ బృందం కామనీ, ఆ ముద్ర తమకు వద్దనీ. అయినా ఇప్పటికీ ‘మళ్ళీ బెర్గ్‌టాట్ చేయండి’ అని అడిగేవారున్నారు. ప్రేమించారు కదా, అందుకని అడుగుతారు.”

వాడు నన్ను ఉద్దేశించి అన్నాడో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం తగిలింది.

మహాశయులారా, మీమాంసకుల మతంలో వేదం అపౌరుషేయం. దానికి కర్త లేడు గనుక దానిని మార్చే అధికారం ఎవరికీ లేదు. ఈ సిద్ధాంతంలో నాకు ఈనాటికీ అణుమాత్రం సందేహం లేదు. కాని పురుషకృతమైన శబ్దం పురుషునితో పాటు పెరుగుతుంది. ఇరువదియేండ్లవాడు అరచినట్లు నలుబదియేండ్లవాడు అరచితే అది నటన అవుతుంది. వారు అరుపును విడిచింది అది అబద్ధమని కాదు. అది ఇక తమది కాదని. మారరానిది మంత్రం. మారవలసినవాడు మనిషి. నేను ఈ రెండింటినీ కలగలిపి, కుమారుని సంహితగా భావించి, ఒక్క స్వరం కూడా జారరాదని కాపలా కాశాను. త్వష్ట స్వరం తప్పి కొడుకును పోగొట్టుకున్నాడు. నేను స్వరం తప్పరాదనే పట్టుదలతో పోగొట్టుకోబోయాను.

ఈ సంగీతం అందరూ వినదగినదని నేను చెప్పడం లేదు. పూజామందిరంలో దానికి స్థానం లేదు. ‘నాట్టెన్స్ మాడ్రిగల్’ను రెండవసారి వినలేదు, వినబోను. మన భాగ్యనగరంలోనే ‘గాడ్‌లెస్’ అనే పేరుతో ఇటువంటి ఘోరసంగీతబృందం ఒకటి ఉన్నదని వాడు చెప్పినప్పుడు, ఆ పేరుకు నా చేతులు వాటంతట అవే చెవులమీదికి పోయాయి. కొన్ని మారడానికి ఎనిమిది సాయంత్రాలు చాలవు.

2024 శ్రావణమాసంలో వాడు ఫోను చేసి, ఆ బృందంలో 1998 నుండి ఉన్న టూరె ఇల్విజాకర్ అనే సంగీతకారుడు మరణించాడని చెప్పాడు. కంఠం గద్గదమైంది. పరిచయం లేని దేశంలోని పరిచయం లేని మనిషి. ఆ సాయంత్రం ప్రదోషదీపం వెలిగిస్తూ ఒక్క క్షణం ఆగాను. ‘షాడోస్ ఆఫ్ ది సన్’ విన్న సాయంత్రం గుర్తుకు వచ్చింది.

మహాశివరాత్రినాడు, 2025 ఫిబ్రవరి 26న, వాడు ఉప్పల్ నుండి వచ్చాడు. లింగోద్భవకాలంలో నా ప్రక్కన కూర్చుని గొంతు కలిపాడు. చమకంలో ఒకచోట స్వరం తప్పింది. పూర్వమైతే అభిషేకపాత్ర క్రింద ఉంచి, అందరి యెదుట ఆపి సరిదిద్దేవాణ్ణి. ఈసారి నా కంఠాన్ని కొంచెం పెంచి సరియైన స్వరంతో సాగిపోయాను. వాడు అందుకున్నాడు.

తెల్లవారిన తరువాత కాఫీ త్రాగుతూ, “అక్కడ నాకు తప్పింది కదా నాన్నగారూ? ఇంకొకసారి చెప్పండి” అన్నాడు.

చెప్పాను. మూడుసార్లు చెప్పించాను. మూడవసారి సరిగా వచ్చింది. తరువాత వాడు మెట్రోకు వెళ్ళాడు.

సర్వం శివార్పణమస్తు.