పసుపు ధర గీత

2025 జూన్ 19, గురువారం, నందిపేట్

బడి తెరిచి వారమైంది. ల్యాబ్‌లోని పాత కంప్యూటర్లలో లెక్కల సాఫ్ట్‌వేర్ సేజ్ ఎక్కిద్దామనుకుంటే గిగాబైట్ల కొద్దీ జాగా కావాలంటోంది. ఆ ఆశ వదిలేసి, దాన్ని బ్రౌజర్ నుంచే వాడనిచ్చే సేజ్‌మ్యాత్‌సెల్ పేజీ తెరిచాను. ఒక పెట్టె, కింద ఒక బటన్, అంతే. వర్గ బహుపది రాసి నొక్కితే పరావలయం గీసి చూపింది. గ్రాఫ్ కాగితం మీద బిందువులు పెట్టించడం మానేయను, చేత్తో గీయనివాడికి గీత అంటే ఏమిటో తెలియదు. కానీ గుణకం మారిస్తే గీత ఎట్లా వంగుతుందో చూపడానికి కాగితాలు చాలవు, పీరియడ్లూ చాలవు.

సేజ్‌ను 2005లో విలియం స్టైన్ మొదలుపెట్టాడు. మ్యాథమెటికా, మేపుల్, మ్యాట్‌ల్యాబ్, మాగ్మాలకు డబ్బు కట్టాలి, కట్టినా లోపల లెక్క ఎట్లా జరిగిందో పూర్తిగా చూడనివ్వరు. లెక్కల్లో నిరూపణ దాచిపెడితే ఇక మిగిలేదేముంది? ఆయన అన్నీ కొత్తగా రాయలేదు. అప్పటికే ఉన్న మాక్సిమా, పారి, గ్యాప్, సింగులర్‌లను పైథాన్‌తో కలిపి కట్టాడు. వీటిలో మాక్సిమా కథ నాకు ఎక్కువ నచ్చింది. దాని మూలం 1960లలో ఎంఐటీలో పుట్టిన మాక్సైమా (Macsyma). బిల్ షెల్టర్ 1982 నుంచి ఆ ప్రోగ్రాంను ఒంటిచేత్తో కాపాడుకుంటూ వచ్చి, 1998లో అమెరికా ఇంధన శాఖ అనుమతి తెచ్చి అందరికీ విడుదల చేశాడు. 2001లో పోయాడు.

జూన్ 23, సోమవారం

క్లాసు మధ్యలో నెట్ పోయింది. సేజ్‌మ్యాత్‌సెల్‌లో లెక్క జరిగేది మన దగ్గర కాదు, ఎక్కడో సర్వర్‌లో. తీగ తెగితే గీత లేదు. పిల్లలు నా మొహం చూశారు, నేను చాక్‌పీసు అందుకున్నాను.

రాత్రి పయోడైడ్ గురించి చదివాను. పైథాన్‌నే వెబ్‌అసెంబ్లీగా మార్చి బ్రౌజర్‌లోకి దింపుతుంది. మొదటిసారి కొన్ని మెగాబైట్లు దిగాలి, ఆ తర్వాత లెక్కంతా ఫోన్‌లోనే నడుస్తుంది. దీన్ని 2018లో మొజిల్లాలో మొదలుపెట్టింది మైకేల్ డ్రోట్‌బూమ్. అంతకుముందు ఆయన మ్యాట్‌ప్లాట్‌లిబ్ బాధ్యత చూసినవాడు. ఆ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను 2003లో తెచ్చిన జాన్ హంటర్ నాడీశాస్త్రం చదివాడు, మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను తెర మీద చూసుకోవడానికి రాసుకున్నాడు. 2012లో 44 ఏళ్లకే చనిపోయాడు. మెదడు సంకేతాల కోసం పుట్టిన పరికరంతో నందిపేట్‌లో పసుపు ధర గీయబోతున్నాం.

జూన్ 29, ఆదివారం

ఇవ్వాళ నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం ప్రారంభమైంది. ఊళ్లో సగం మంది అటే పోయారు. నేను ఇంట్లో ధరలు ముందేసుకుని కూర్చున్నాను.

ప్రభుత్వ మార్కెట్ ధరల సైట్ ఆగ్‌మార్క్‌నెట్‌లో ఒక్కో మార్కెట్‌కు రోజూ మూడు ధరలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అదే మోడల్, పదో తరగతిలో మేం చెప్పే బాహుళకం. వాటిని నేరుగా నా పేజీలోకి లాగుదామంటే కుదరలేదు. ఒక సైట్‌లోని డేటాను ఆ సైట్ అనుమతి లేనిదే ఇంకో సైట్ పేజీకి చదవనివ్వకపోవడం బ్రౌజర్ల భద్రతా నియమం. నియమం మంచిదే, బాధ మాత్రం నాది. అంకెలన్నీ చేత్తో టైపు చేసుకున్నాను.

సాయంత్రం మా విద్యార్థి తండ్రి వచ్చాడు, పసుపు రైతు. మూడు గీతలూ చూపించాను. మధ్య గీత మీద వేలు పెట్టి, "సార్, నా సరుకు ఎన్నడూ ఈ ధరకు పడలే. కాడి ఒక తీరు, గోళ ఒక తీరు. తేమ ఉందంటరు, ఇంకేదో అంటరు. మాకు పడ్డదే గీయుండ్రి" అన్నాడు. కాడి అంటే పసుపు కొమ్ము, గోళ అంటే దుంప. ఆయన అడిగింది న్యాయమే. రైతుల తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు) తీసుకుని వాళ్ల ధరలను చుక్కలుగా అదే బొమ్మ మీద పెట్టాలి. మోడల్ గీత కంటే చుట్టూ పడే చుక్కలే పిల్లలకు ఎక్కువ నేర్పుతాయి.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి, పీరీల పండుగ ఒక్కనాడే వచ్చాయి. డప్పుల మోత వింటూ అక్షరాలతో కుస్తీ పట్టాను.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ బొమ్మ కింద తెలుగులో పేర్లు రాయిస్తే మొదట ఖాళీ డబ్బాలొచ్చాయి. నోటో తెలుగు ఫాంట్ ఇచ్చాక డబ్బాలు పోయి, "ఆర్మూర్" వచ్చింది గానీ వత్తు కిందికి దిగలేదు. పొల్లు వేసిన ర ఒకచోట, మూ ఒకచోట విడివిడిగా నిలబడ్డాయి. "క్వింటాల్" గతీ అంతే. ఒక్కో అక్షరాన్ని పక్కపక్కన పేర్చడమే దానికి తెలుసు, కలపడం తెలియదు. ఇంగ్లిష్‌కు అది చాలు, మనకు చాలదు. అవే అంకెలను, పేర్లను ప్లాట్లీకి ఇస్తే వత్తులన్నీ సరిగ్గా కూర్చున్నాయి, ఎందుకంటే అక్కడ అక్షరాలు రాసేది బ్రౌజర్. వెబ్ పేజీలో తెలుగును కూర్చే పని అది ఏళ్లుగా చేస్తున్నదే. ప్లాట్లీ జావాస్క్రిప్ట్ లైబ్రరీ 2015లో ఓపెన్ సోర్స్ అయింది, అది నిలబడ్డ డీ3ని మైక్ బోస్టాక్ వాళ్లు 2011లో తెచ్చారు. వాళ్లకు ఆర్మూర్ ఎక్కడుందో తెలిసి ఉండదు, అయినా పని జరిగింది.

గణితాన్ని వెబ్‌లోకి తేవడమంటే ఇన్‌స్టాల్ బాధ తప్పడమే అనుకునేవాణ్ని. తెలుగు బడికి అంతకంటే పెద్ద లాభం, మన అక్షరాలను బ్రౌజరే సరిగ్గా కూర్చడం.

జూలై 14, సోమవారం

జూపిటర్‌లైట్ అనే నోట్‌బుక్ పేజీ పిల్లలకు ఇచ్చాను. అదీ పయోడైడ్ మీదే నడుస్తుంది, రాసింది బ్రౌజర్ జాగాలోనే దాచుకుంటుంది. ఒకమ్మాయి ఫోన్‌లో చోటు కోసమని బ్రౌజర్ డేటా తుడిచేసింది, దాంతో ఆమె గ్రాఫ్‌లూ పోయాయి. ఫైల్ దింపుకోవడం మొదటి పాఠంగా చెప్పాలి.

తర్వాతి బొమ్మ శ్రీరాంసాగర్ జలాశయం. నిండు మట్టం 1091 అడుగులు. మొదట్లో 112 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 80.5 అంటున్నారు, తేడా పూడిక. అడుగు అడుగుకూ నీటి వైశాల్యం తెలిస్తే ఇంటర్ పిల్లలు కూడా గీత కింది వైశాల్యం కలిపి నిల్వ తేల్చగలరు. అందుకే ధరలైనా, నీటి లెక్కలైనా ప్రచురించేవాళ్లకు ఒక్క విన్నపం: పట్టికను ఫొటోగా పెట్టకండి. సీఎస్‌వీ ఫైల్‌గా పెట్టండి, ఇతర పేజీలు చదువుకునే అనుమతి కూడా ఇవ్వండి.